పెట్టె దేనికి వేలాడింది?

డాన్స్ మాస్టర్ హాలు మధ్యలో బోర్లా పడి ఉన్నాడు.

తల పక్కనే స్పీకర్ పెట్టె. నల్ల ప్లాస్టిక్ పెంకులు గోడల దాకా చెదిరిపోయాయి. గోడ పొడవునా ఉన్న అద్దంలో ఇంకో మాస్టర్, ఇంకో పెట్టె.

ఉదయం తొమ్మిదీ యాభై. పది గంటల క్లాసుకు వచ్చిన పిల్లల్ని మెట్ల మీద నుంచే వెనక్కి తిప్పి పంపేశారు. ఒక పాప మాత్రం రైలింగు పట్టుకుని కదలనంది. వాళ్లమ్మ వచ్చి ఎత్తుకుపోయింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగి హాలంతా ఒకసారి చూసింది. స్టేషన్‌లో వెనకాల ఆమెకు ఇంకో పేరుంది. ఎందుకమ్మ. నోరు తెరిస్తే "ఎందుకు" అనే మాటే ముందు వస్తుందని ఎవరో పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండడం ఉద్యోగంలో సగం పని అని కూడా తెలుసు.

"ఏమైంది?"

"పైనుంచి పెట్టె పడింది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "సరిగ్గా నెత్తి మీద. అక్కడికక్కడే ప్రాణం పోయింది."

"ఎన్నింటికి?"

"తొమ్మిదీ ఇరవైకి. కింద కొట్టు టైలర్ గడియారం చూశాడట."

"ఎవరు చూశారు?"

"పడుతుండగా ఎవరూ చూళ్లేదు. మాస్టర్ ఒక్కడే పాట పెట్టుకుని అడుగులు సరి చూసుకుంటున్నాడు. భార్య పక్కనున్న ఆఫీసు గదిలో ఉంది. తమ్ముడు కింద షట్టర్ దగ్గర."

ఇన్‌స్పెక్టర్ తలెత్తింది. పైన అడ్డంగా నల్ల రంగు వేసిన ఇనుప దూలం. దూలానికి క్లాంపులు బిగించి రెండు కొక్కేలు. రెండూ ఖాళీగా ఉన్నాయి.

తల దించి పెట్టె చూసింది. ఒక చేత్తో మోసుకుపోగలిగే రకం. లోపలే బ్యాటరీ, లోపలే యాంప్లిఫయర్. పైముఖం మీద రెండు కన్నాలు. వాటి చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా చీరుకుపోయి ఉంది. ఫొటోగ్రాఫర్ దాన్ని కూడా ఫొటో తీశాడు. పడిన పెట్టె పగలదా మరి, అనుకుని అందరూ ముందుకు కదిలారు. ఆమె కూడా కదిలింది.

ఆఫీసు గదిలో మాస్టర్ భార్య కుర్చీలో కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. ఏడవడం లేదు. గోడవారగా మరిది. ఇరవై నాలుగేళ్లుంటాయి. అన్నతో పాటు అతనూ పిల్లలకు నేర్పుతాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పెట్టెను పైకి ఎక్కించింది ఎవరమ్మా?"

"మైకాయన," అంది ఆమె. అడగడమే ఆలస్యం అన్నట్టు వచ్చింది జవాబు.

"ఎప్పుడు?"

"పది రోజులైంది. పాత పెట్టెలు రెండూ రిపేరుకని దింపుకుపోయాడు. అవి వచ్చేదాకా వాడుకోమని ఇది తెచ్చి తగిలించి వెళ్లాడు."

"నువ్వూ చూశావా బాబూ?"

మరిది వదిన కేసి చూశాడు.

"వదిన చెప్పిందే," అన్నాడు.

పన్నెండు కాకముందే మైకాయన స్టేషన్‌లో ఉన్నాడు.

అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. మీటింగు అయినా, ఆటల పోటీ అయినా, ఎవరింట్లో ఏం జరిగినా "మైకాయన్ని పిలవండి" అనడమే. యాభై ఏళ్ల బక్కపల్చటి మనిషి. బెల్టుకు టెస్టరు వేలాడుతోంది. హెడ్ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"పెట్టె నీదేనా?"

"నాదే."

"కొక్కేలు?"

"నావే."

"బిగించింది?"

"కొక్కేలు బిగించింది నేనే మేడమ్, రెండేళ్ల కింద. ఈ పెట్టెని మాత్రం స్టాండు మీద పెట్టి వచ్చాను. అది వేలాడదీసే పెట్టె కాదు. మాస్టారికి చెప్పాను కూడా."

"ఎవరి ముందు చెప్పావు?"

"మాస్టారి ముందే."

"ఆయన ఇప్పుడు సాక్ష్యం చెప్పలేడు కదా."

మైకాయన బల్ల మీది టెస్టరు కేసి చూశాడు.

"స్టాండు ఎక్కడుంది?"

"హాల్లోనే. కిటికీ పక్క మూలన."

"అక్కడ ఏ స్టాండూ లేదు."

"ఉండాలి."

"లేదంటున్నాను."

"అయితే మీరు సరిగ్గా చూడలేదు," అన్నాడు విసురుగా. హెడ్ కుర్చీలోంచి సగం లేచాడు. ఇన్‌స్పెక్టర్ చేత్తో వారించింది.

"పాత పెట్టెలు దింపినప్పుడు కొక్కేలు ఎందుకు వదిలేశావు?"

"మా పనిలో అంతే మేడమ్. పెట్టె దింపినా కొక్కెం దింపం. మళ్లీ ఎక్కించేటప్పుడు కొలతలు వెతుక్కోనక్కర్లేదు." తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడనిపిస్తోంది, దింపేయాల్సింది. ఖాళీ కొక్కెం కనబడితే ఎవరికైనా ఏదో ఒకటి తగిలించాలనే ఉంటుంది."

మేజిస్ట్రేటు అనుమతితో శుక్రవారం దాకా అతన్ని లాకప్‌లో పెట్టారు. పెట్టె అతనిది, కొక్కెం అతనిది, కళ్లారా చూశామనే సాక్షులు ఇద్దరు. నిర్లక్ష్యంతో ఒక మనిషి ప్రాణం తీసినందుకు కేసు. శిక్ష పడితే జైలు. పడకపోయినా ఇక ఈ ఊళ్లో ఎవడూ అతని చేత ఒక్క తీగ కూడా లాగించుకోడు. శుక్రవారం సాయంత్రం లోపు కోర్టుకు కాగితాలు వెళ్లాలి. ఆ రోజు మంగళవారం.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వెళ్లబోతుంటే వరండా బెంచీ మీద నుంచి ఒకామె లేచి నిలబడింది. మైకాయన భార్య. అతన్ని తెచ్చినప్పటి నుంచీ అక్కడే ఉందట.

"మా ఆయనకి నోటి దురుసు ఉంది మేడమ్," అంది. "కాదనను. చేతి దురుసు మాత్రం లేదు. ఒక నట్టు బిగిస్తే మళ్లీ వెనక్కెళ్లి చూసొచ్చే రకం. నేను స్టవ్వు ఆపేశానంటే కూడా నమ్మడు, లేచి వెళ్లి చూస్తాడు. ఇన్నేళ్లుగా ఆ చాదస్తంతో నన్ను చంపుకు తింటున్నాడు. అలాంటివాడు మనిషి నెత్తి మీద పెట్టె అలా వదిలేసి వస్తాడా?"

ఇన్‌స్పెక్టర్ తల ఊపి ముందుకు నడిచింది. భార్యలు చెప్పే మంచి మాటలు కేసులో పనికిరావు. కానీ స్టవ్వు మాట మాత్రం మనసులోంచి పోలేదు. మొగుణ్ణి కాపాడుకోవాలనుకునే మనిషి ఇలాంటి ఫిర్యాదు కల్పించి చెప్పదు.

బుధవారం మధ్యాహ్నం ఆమె స్టేషన్ వెనక గదిలో నేల మీద దుప్పటి పరిపించింది. దాని మీద పగిలిన పెట్టె ముక్కలన్నీ పోయించింది.

"ఏం చేద్దామని మేడమ్?" హెడ్‌కు అర్థం కాలేదు.

"అతికిద్దాం."

"పగిలిన కుండనా?"

"కూర్చోండి ముందు."

ఇద్దరూ దుప్పటికి చెరోవైపు కూర్చున్నారు. జాలీ ఒకచోట. కోన్ ఒకచోట. అడుగుభాగం, దానికి స్టాండు దూర్చే గుండ్రటి కన్నం. నాలుగు పక్కల పెంకులు. గోరంత ముక్క కూడా వదలకుండా చీపురుతో ఊడ్చి తెచ్చారు పనివాళ్లు. గంటన్నర గడిచేసరికి పెట్టె దాదాపు పెట్టెలా అయింది.

పైముఖం మీద ఆ రెండు కన్నాలు మిగిలాయి.

"ఇక్కడ ఏముండేది?"

"పిడి అయ్యుంటుంది మేడమ్. పట్టుకునే హ్యాండిల్."

"ఏదీ మరి?"

హెడ్ దుప్పటి అంచులు ఎత్తి చూశాడు. సంచి దులిపాడు. లేదు.

"ఎక్కడో మూల పడుంటుంది."

"గోరంత ముక్కలు దొరికాయి. జానెడు పిడి దొరకలేదా? ఎందుకు?"

వచ్చింది ఆ మాట, అనుకున్నాడు హెడ్. పైకి మాత్రం తల గోక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫొటోలు తీసి దుప్పటి మీద వరసగా పరిచింది. శవం. పెట్టె. దూలం. కొక్కేలు. చాలాసేపు చూసింది. ఇంతలో ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. అంత పెద్ద సంగతి కళ్ల ముందు ఉంటే, అందరితో పాటు తనూ దాన్ని దాటుకుని వెళ్లిపోయింది.

"హెడ్ గారూ. ఈ పెట్టె పైనుంచి పడింది. అవునా?"

"అవును."

"పడేముందు దేనికి వేలాడింది?"

"కొక్కేనికి."

"కొక్కేనికీ పెట్టెకీ మధ్య ఏముంది? తాడా, తీగా, గొలుసా? తెగితే సగం పైన ఉండాలి, సగం పెట్టెకు ఉండాలి. ఊడితే మొత్తం పైనైనా ఉండాలి, కిందైనా ఉండాలి. చూడండి ఫొటోలు. పైన ఏమీ లేదు. కింద ఏమీ లేదు. పెట్టె గాల్లో నిలబడిందా?"

హెడ్ ఫొటో చేతిలోకి తీసుకుని చూసి మెల్లగా కింద పెట్టాడు.

"ఎవరో తీసేశారు," అన్నాడు.

"మనం రాకముందే. శవం ఇంకా చల్లబడకముందే."

గురువారం ఉదయం ఆమె మళ్లీ డాన్స్ హాలుకు వెళ్లింది. అంత్యక్రియలు అయిపోయాయి. వదినా మరిదీ ఇంట్లో ఉన్నారు. తాళం హెడ్ తీశాడు.

ముందుగా కిటికీ పక్క మూల. నేలకు పరిచిన మెత్తటి షీటు మీద మూడు చిన్న గుంటలు. ముక్కోణంగా. ఏదో బరువైనది మూడు కాళ్ల మీద చాలా రోజులు నిలబడిన గుర్తు. షీటు ఇంకా పూర్తిగా పైకి లేవలేదు.

"స్టాండు ఇక్కడే ఉంది," అంది ఆమె. "మైకాయన అబద్ధం చెప్పలేదు. నిన్న మొన్నటిదాకా పెట్టె నేల మీదే ఉంది."

స్టాండు అరగంటకు దొరికింది. దుస్తుల గదిలో, వేలాడదీసిన పాత డ్రెస్సుల వెనక, కాళ్లు ముడిచి.

తర్వాత నిచ్చెన. మడత నిచ్చెన దూలం కింద వేయించి తనే ఎక్కింది. వద్దు మేడమ్ అంటూ హెడ్ కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, పడితే పట్టుకునేవాడిలా. ఆమె బరువూ అతని నడుమూ ఎరిగినవాళ్లెవరూ ఆ ధైర్యాన్ని నమ్మరు.

కింది నుంచి కనిపించనిది పైన కనిపించింది. దూలం చుట్టూ రెండు చుట్లు నల్ల నైలాన్ తాడు. నల్ల దూలం మీద నల్ల తాడు. పైన ముడి గట్టిగా ఉంది. కింది కొస కత్తెరతో నున్నగా కత్తిరించి ఉంది.

కిందికి దిగాక హెడ్ ఆ కొస చూసి గొంతు తగ్గించాడు.

"అయితే హత్యే మేడమ్. కింద మనిషి ఆడుతుంటే పైన తాడు కోసేశారు." ఇంకా తగ్గించాడు. "ఇంట్లో ఉన్నది వదినా మరిదీ. ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారు. ఆయనేమో పోయాడు. మీకు నేను చెప్పక్కర్లేదు..."

"చెప్పక్కర్లేకపోతే చెప్పకండి," అంది ఇన్‌స్పెక్టర్. కానీ ఆ ఆలోచన ఆమెకూ వచ్చింది. బుధవారం సాయంత్రం నుంచీ ఉంది. అందుకే గొంతు కటువుగా వచ్చింది.

కింద కొట్లో టైలర్ మిషన్ ఆపి లేచాడు. పిల్లల డాన్సు దుస్తులు కుట్టేది అతనే.

"ఆ రోజు ఏం విన్నారు?"

"పొద్దున్నుంచీ పాట మోగుతోందండి. బాగా హెచ్చుగా. నా బల్ల మీద కత్తెర కూడా అదురుతోంది. తొమ్మిదీ ఇరవైకి దబ్బుమని చప్పుడు. పాట ఆగిపోయింది. షట్టర్ దగ్గర ఉన్న అబ్బాయి పైకి పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో కిందికి పరుగెత్తుకొచ్చి, ఏదైనా బండి ఆపండి అంటూ వీధిలోకి పోయాడు."

"తర్వాత?"

"తర్వాత పైన నిచ్చెన లాగిన చప్పుడైంది."

"తర్వాతా? ముందా?"

"తర్వాతేనండి. నాకు బాగా గుర్తు. మనిషి పడిపోయి ఉంటే ఈ టైములో నిచ్చెన ఎందుకో అనుకున్నాను. ఆ అబ్బాయి అప్పటికి వీధి చివర ఉన్నాడు."

"పైన ఎవరున్నారు?"

"ఆమె ఒక్కతే కదండీ." టైలర్‌కు తను అన్న మాట బరువు అప్పుడు తెలిసింది. "ఆమె చాలా మంచిదండి. ఆ అబ్బాయికి ఎనిమిదేళ్లప్పుడు అమ్మానాన్నా పోతే, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, తనే పెంచింది. బడికి పంపింది. వాళ్లకు పిల్లల్లేరు. వీడే పిల్లాడు."

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీద నిలబడిపోయింది. పెట్టె పడ్డాక నిచ్చెన కదిలింది. పడ్డాకే తాడు కత్తిరించారు. ఇది చంపడానికి కోసిన తాడు కాదు. దాచడానికి కోసింది. చచ్చిపోయిన మొగుడి పక్కన నిచ్చెన వేసుకుని, ఆయన మీదుగా పైకి ఎక్కి, ఒక ఆడమనిషి తాడు కోసింది. ఎవరి కోసం?

జవాబు టైలర్ మాటల్లోనే ఉంది. ఈసారి మాత్రం ఆమె ఎందుకని అడగనక్కర్లేదు.

శుక్రవారం ఉదయం పదకొండు. కాగితాలు వెళ్లడానికి ఇంకా టైముంది.

హాల్లో నాలుగు కుర్చీలు వేయించింది. వదిన ఒకదాంట్లో కూర్చుంది. మరిది కూర్చోనన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు మైకాయన్ని తీసుకొచ్చారు. మూడు రోజుల గడ్డం. అతని భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, పెట్టెను మైకాయన పది రోజుల కింద తగిలించాడన్నారు."

"అన్నాను."

"ఆ మూలన స్టాండు కాళ్ల గుర్తులున్నాయి. స్టాండు మీ దుస్తుల గదిలో దొరికింది. దూలానికి నల్ల తాడు ఉంది, కత్తెరతో కోసి ఉంది. పెట్టె పడ్డాక ఇక్కడ నిచ్చెన కదిలింది. ఆ సమయానికి పైన ఉన్నది మీరొక్కరే."

వదిన స్టాండు ఉండే మూల కేసి చూసింది.

"నేనే కట్టాను," అంది. "సోమవారం సాయంత్రం. ఆయనకి తెలియకుండా. స్టాండుకు తగులుకుని పిల్లలు పడుతున్నారని. నా మీద రాసుకోండి."

"ఎలా కట్టారు?"

"తాడుతో."

"నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఇంకో చేత్తో దూలానికి రెండు చుట్లు వేసి ముడి వేశారా? ఒక్కరే?"

"వేశాను."

"ఏ ముడి?"

ఆమె దూలం కేసి చూసింది.

"వదినా, ఇక చాలు," అన్నాడు మరిది.

"నువ్వు నోరుముయ్యి."

"మూడు రోజులు మూశాను కదా."

అతను జేబుల్లోంచి చేతులు తీశాడు. రెండు అరచేతులకూ అడ్డంగా ఎర్రటి గీత. తోలు లేచిపోయి, పక్కులు కట్టి ఉంది.

"సోమవారం క్లాసు అయ్యాక అన్నయ్యా నేనూ ఎక్కించాం. పోయిన వారం ఒక పాప స్టాండు కాలికి తగులుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. ఇక ఇది కింద ఉండకూడదురా అన్నాడు అన్నయ్య. కొక్కేలు ఎలాగూ ఉన్నాయి కదా అన్నాడు. పెట్టెకు కింద నేను ముడి వేశాను. తాడు దూలం మీదుగా వేసి నేను లాగాను, అన్నయ్య నిచ్చెన మీద ఉండి అందుకుని పైన కట్టేశాడు. ఆ పక్కన కొక్కేనికి గొలుసు కూడా వేశాడు." అతను అరచేతులు చూసుకున్నాడు. "కింద ముడి నాది. ఆ రోజు తలెత్తి చూడలేకపోయాను, కానీ జారింది నా ముడే. అన్నయ్యని నేనే చంపాను. మైకన్నకి ఏ పాపమూ తెలియదు."

మైకాయన అతని వైపు చూడనైనా లేదు. అతని కళ్లు దూలం మీదే ఉన్నాయి.

"పెట్టెకు ఎక్కడ కట్టారు?" అన్నాడు.

ఆ ప్రశ్న విని ఇన్‌స్పెక్టర్ వదిన వైపు తిరిగింది.

"తాడు ఏదమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"దుస్తుల గదిలో. ఇనప్పెట్టె అడుగున. గుడ్డ సంచిలో."

హెడ్ వెళ్లి తెచ్చాడు. సంచి మూతికి రెండు పేటలుగా దారం చుట్టి ఉంది.

"దీన్ని మళ్లీ విప్పారా?"

"లేదు. చూడలేకపోయాను. ఆ రోజు కూడా చూళ్లేదు. కోశాను, కొక్కెంలోంచి గొలుసు తీశాను, సంచిలో కుక్కాను. వీడు కట్టిన తాడు పోలీసులకు కనబడకూడదు, అంతే ఆలోచించాను."

ఇన్‌స్పెక్టర్ దారం విప్పింది. సంచిని నేల మీద బోర్లించింది.

బారెడు నల్ల తాడు. సన్నని ఇనుప గొలుసు. ఆ రెండింటినీ కలిపి పట్టుకుని ఒక నల్ల ప్లాస్టిక్ పిడి. పిడికి రెండు వైపులా స్క్రూలు, వాటి చుట్టూ పెట్టె పెంకులు అంటుకుని ఉన్నాయి. పిడి నడుమ చుట్టి వేసిన ముడి ఉంది.

వేసింది వేసినట్టే ఉంది.

మరిది వంగి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. వేలితో ముడిని తాకాడు.

"జారలేదు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"జారలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "తాడు తెగలేదు. గొలుసు తెగలేదు. నువ్వు వేసిన ముడి జారలేదు బాబూ. ఊడింది పిడి. మీ వదిన ఈ సంచిని దాచకపోయుంటే మంగళవారం పది గంటలకే ఈ మాట నీకు చెప్పేదాన్ని."

మైకాయన అడుగు ముందుకు వేశాడు. కానిస్టేబుల్ ఆపబోతే ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. అతను పిడిని చేతిలోకి తీసుకుని స్క్రూలను చూశాడు.

"ఇది చేత్తో మోయడానికి పెట్టిన పిడి మేడమ్. బండి దగ్గర్నుంచి గుమ్మం దాకా. చెయ్యి మోసింది కదా, తాడు మోయదా అనుకుంటారు అందరూ. చెయ్యి మోసేది రెండు నిమిషాలు. అప్పుడు పాట మోగదు. వేలాడదీసి హెచ్చుగా పాట పెడితే లోపల బాస్ శబ్దం కొట్టిన ప్రతి దెబ్బా ఈ రెండు స్క్రూల మీదే పడుతుంది. స్క్రూ పట్టుకున్నది ఇనుమును కాదు, ప్లాస్టిక్‌ను. కొరుక్కుంటూ కొరుక్కుంటూ బయటికొస్తుంది."

"మరి గొలుసు?"

"గొలుసు మంచి ఆలోచనే. మాస్టారు బుద్ధిమంతుడు. మొదటిది పోతే రెండోది పట్టుకోవాలని వేశాడు. కానీ దాన్నీ ఈ పిడికే వేశాడు. పిడి పోతే రెండూ పోయినట్టే. పెట్టెలో ఇంకో గట్టి చోట వెయ్యాలి. ఈ పెట్టెకు అలాంటి చోటు లేదు. అందుకే కదా వేలాడదీయొద్దని చెప్పింది."

"తాడు తెగినా గొలుసు పట్టుకుంటుందిరా అన్నాడు," మరిది గొణిగాడు. "నవ్వుతూ అన్నాడు. రెండు రకాలుగా కట్టాం, ఇంకేం భయం అన్నాడు."

ఇన్‌స్పెక్టర్‌కు ఇలాంటి కేసులు బొత్తిగా నచ్చవు. దొంగ దొరికితే మనసుకు కాస్త ఊరట ఉంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఎవడూ లేడు. ఒక పాప మోకాలు చూసి జాలిపడిన మనిషి తప్ప.

"మైకాయన్ని వదిలేయండి," అంది హెడ్‌తో. "అమ్మా, సాక్ష్యం దాచారు. తప్పు వాంగ్మూలం ఇచ్చారు. మీ మీద కేసు ఉంటుంది. అది తప్పించడం నా చేతుల్లో లేదు."

"రాయండి," అంది వదిన. తర్వాత కుర్చీలోంచి లేచి మైకాయన ముందుకు వచ్చింది. రెండు చేతులూ జోడించింది. "నా నోటితో మీ మీద అబద్ధం చెప్పాను. నన్ను..."

"మూడు రోజులు నా పెళ్లాం ఆ బెంచీ మీద కూర్చుందండి," అన్నాడు మైకాయన. "మీరు చెప్పిన ఒక్క మాటకి. నేను మంచివాణ్ణేమీ కాదు, ఇప్పటికిప్పుడు పర్లేదని అనడానికి."

ఆమె చేతులు దించలేదు.

అతను వెళ్లబోయి ఆగాడు. నేల మీద, తాడు ముందు కూర్చున్న కుర్రాడి వైపు చూశాడు.

"నా సంగతి తర్వాత. వాణ్ణి చూడండి ముందు," అన్నాడు. భార్యను తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వదిన కదల్లేదు. ఇన్‌స్పెక్టర్‌తో అన్నట్టే మాట్లాడింది, కానీ మాటలు అటు వెళ్లడం లేదు.

"వీణ్ణి కాపాడాలనుకున్నాను మేడమ్. ఆయన పోయాక నాకు మిగిలింది వీడే కదా. తాడు కోశాను, అబద్ధం చెప్పాను, చెప్పించాను. అన్నీ చేశాను. కానీ వీడి ముఖం చూడలేకపోయాను. మంగళవారం నుంచి ఒక్కసారి కూడా చూళ్లేదు. ఎదురుగా వస్తే పక్కకు తిరిగేదాన్ని. వీడి ముడే ఆయన్ని చంపిందని నేనూ నమ్మాను. పైకి అనలేదు, అంతే."

"నాకు తెలుసు వదినా," అన్నాడు మరిది.

"తెలుసా?"

"పదహారేళ్లుగా చూస్తున్నాను నిన్ను. తెలియదా?"

ఆమె అప్పుడు తిరిగింది. నేల మీద అతని పక్కన కూలబడింది. అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. కళ్ల కింద నలుపు, ఎండిపోయిన పెదవులు. మూడు రోజుల్లో మనిషి సగమయ్యాడు.

"తిన్నావా అని కూడా అడగలేదు కదరా నిన్ను," అంది.

మూడు రోజులుగా బిగపట్టిందంతా అప్పుడు బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మాస్టర్ పడిన చోటు వాళ్లకు బారెడు దూరంలోనే ఉంది.

హెడ్ గడియారం చూసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. వదినను స్టేషన్‌కు తీసుకెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ అతన్ని బయటికి రమ్మని సైగ చేసి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల మీద కూర్చుంది.

"కాసేపు ఆగుదాం," అంది.

ఎందుకని హెడ్ అడగలేదు. అతనూ పక్క మెట్టు మీద కూర్చున్నాడు.